ప్రతినిధి ద్వారా నిద్ర

మనిషి గాలిలో ఎగరడం నేర్చుకుని చాలా కాలమైంది. గాలిలో పడుకోవడం మాత్రం ఇప్పటికీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తున్నారు. ఒకరు నోరు తెరిచి పడుకుంటారు. ఒకరు పక్కవారి భుజం మీద పడుకుంటారు. ఇంకొకరు అసలు పడుకోకుండా ముందు సీటు వీపును పదిహేడు గంటలు చూసి, దిగాక పగలో రాత్రో తెలియక, తలుపనుకుని అద్దాన్ని తోస్తారు. నాగరికులకు ఇది తగదు. ఈ అరాచకాన్ని అంతం చేయడానికే దూర ప్రయాణాల విమాన సంస్థ ఒకటి నిద్రా సదుపాయ విభాగాన్ని స్థాపించింది. ప్రయాణికులందరూ ఒకే పద్ధతిలో, ఫారం నింపి, హాయిగా నిద్రపోవాలన్నది ఆ విభాగం ధ్యేయం. (హాయి తప్పనిసరి. హాయిగా లేనివారు కారణం రాసి ఇవ్వాలి.)

ఈ విభాగం చేతికి చిక్కిన తొలి ప్రయాణికుల్లో టోకెనక్క ఒకతె.

ఆమెకు పెద్దవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. వీధిలో అందరి తరఫునా ఆఫీసుల్లో వరుసలో నిలబడడం ఆమె వృత్తి. పుట్టిన తేదీ దిద్దించాలన్నా, కుళాయి పేరు మార్పించాలన్నా, పోయిన కాగితానికి నకలు తేవాలన్నా, కాగితాలు ఆమె ఆకుపచ్చ సంచిలో పడేస్తే చాలు. పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకుని, బల్ల మీద గోడవైపు చూసుకుని కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేది. నిద్రంటే మామూలు నిద్ర కాదు. పక్కన ఇద్దరు కొట్టుకుని, రాజీపడి, మళ్ళీ కొట్టుకున్నా ఆమెకు తెలిసేది కాదు. కానీ తన నంబరు ఇంకా రెండు నంబర్ల దూరంలో ఉందనగా టక్కున కళ్ళు తెరిచేది. ఇరవై రెండేళ్ళలో ఒక్క నంబరూ దాటిపోనివ్వలేదు.

ఇంట్లో మంచం మీద మాత్రం ఆమెకు నిద్ర పట్టదు. అక్కడ నంబరు ఉండదు, పిలిచేవాళ్ళు ఉండరు. పిలవకపోతే ఎప్పుడు లేవాలో తెలియక తెల్లవార్లూ పొర్లుతుంది. (ఆమె భర్త ఈ విషయాన్ని పెళ్ళైన కొత్తలో తన మీద అలకగా అర్థం చేసుకుని, రెండేళ్ళు బుజ్జగించాడు.)

ఆమెకు వృత్తి ధర్మం ఒకటుంది. కిటికీ దగ్గర ముందు ఇతరుల కాగితాలు, ఆఖరున తనవి. ఆఖరు వచ్చేసరికి కిటికీ మూసేవారు. అందుకే ఊళ్ళో సగం కుళాయిల పేర్లు మార్పించిన టోకెనక్క ఇంటి కుళాయి, ఆ ఇల్లు అమ్మి వెళ్ళిపోయి చచ్చిపోయిన పెద్దమనిషి పేరు మీదే ఇప్పటికీ నీళ్ళు పోస్తోంది.

కుళాయి సంగతి సరే. ఇలా ఆఖరుకు పడిపోయిన వాటిలో ఆమె తమ్ముడు కూడా ఉన్నాడు.

తనకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు. తల దువ్వి బడికి పంపింది ఆమే. వాడు ఆరో తరగతిలో నాటకంలో తలుపు వేషం వేశాడు. రెండుసార్లు తెరుచుకుని ఒకసారి మూసుకోవాలి. ఆ రోజు ఆమె పక్కింటివాళ్ళ జనన ధ్రువపత్రం కోసం వరుసలో ఉంది. వాడు పట్టా పుచ్చుకున్న రోజు చిరునామా మార్పు వరుసలో ఉంది. వాడి పెళ్ళికి వెళ్ళింది గానీ, వెళ్ళేసరికి కుర్చీలు మడుస్తున్నారు. ఆ తర్వాత వాడు భూమికి అవతలి వైపు, పదకొండు గంటల తేడాతో తెల్లవారే ఒక ఓడరేవు పట్నానికి ఉద్యోగానికి వెళ్ళాడు. అక్కడ ఓడలు వచ్చినప్పుడు నడుమకు విడిపోయి పైకి లేచే వంతెన ఒకటుంది. మూడేళ్ళు దాని పళ్ళచక్రాలకు గ్రీజు రాశాడు. ఇప్పుడు, ఒక మంగళవారం ఉదయం పది గంటలకు, మొదటిసారి వాడొక్కడే గాజు గదిలో కూర్చుని దాన్ని లేపబోతున్నాడు. లేచి, ఓడను పంపి, దిగడానికి పదకొండు నిమిషాలు పడుతుంది.

"అక్కా, నువ్వు రాకపోయినా వంతెన లేస్తుంది," అన్నాడు ఫోన్లో. "అది యంత్రం. కానీ నువ్వు చూడకపోతే నాకు మాత్రం లేచినట్టుండదు."

"వస్తాన్రా."

"వరుసలో ఉన్నానని ఫోన్ చెయ్యవుగా?"

"విమానంలో వరుసేంట్రా? కూర్చోబెట్టి తీసుకెళ్తారు," అంది టోకెనక్క.

(ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఆమె వేసిన తప్పుడు అంచనా ఇదొక్కటే.)

విభాగం నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. విమానం మంగళవారం ఉదయం ఏడింటికి దిగుతుంది. దిగే ప్రతి ప్రయాణికుడి ఖాతాలో కనీసం ఆరు గంటల ఆమోదిత నిద్ర ఉండాలి. లేనివాళ్ళను అలా తూలుతూ కొత్త పట్నంలోకి వదలడం ప్రజలకు ప్రమాదం గనుక, విమానాశ్రయంలోనే సర్దుబాటు గదిలో ఎనిమిది గంటలు పడుకోబెడతారు. ఏడుకి ఎనిమిది కలిపితే మధ్యాహ్నం మూడు. అప్పటికి వంతెన లేచి, దిగి, దాని మీద బస్సులు తిరుగుతుంటాయి.

కాబట్టి ఎలాగైనా నిద్రపోవాలి. టోకెనక్క ఇంత పట్టుదలగా నిద్రను తలచుకోవడం అదే మొదలు. ఎంత తలచుకుంటే అది అంత దూరం పోయింది.

ప్రయాణానికి పది రోజుల ముందు నుంచే గమ్యస్థానపు గడియారం ప్రకారం ఇంట్లో పడుకుని అలవాటు చేసుకోవాలని ఫారంలో ఉంది. అంటే ఇక్కడ పట్టపగలు. పడుకున్నట్టు ఒక సాక్షి అరగంటకొకసారి రాసి సంతకం పెట్టాలి. సాక్షి ఆ సమయంలో మెలకువగా ఉన్నట్టు ఇంకొకరు సంతకం పెట్టాలి. (ఆ ఇంకొకరి విషయంలో విభాగం జనాన్ని నమ్మింది.)

ఆమె భర్త ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని కిటికీ తెరలు కుట్టేవాడు. నమ్మకస్తుడు. పనివాడితనమంతా చూపించి గదికి మూడు పొరల నల్లటి తెరలు కుట్టి వేలాడదీశాడు. ఆయనలో లోపం ఒకటే. ఎవరైనా నడుం వాల్చడం చూస్తే ఆయనకు ఆవలింత వస్తుంది. ఆవలింత వస్తే ఆగదు. మొదటి రోజు పదకొండు గంటలకు టోకెనక్క మంచం మీద పడుకుంది. ఆయన పక్కన కుర్చీలో పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. పదకొండుంపావుకు గురక వినపడింది. అది ఆమెది కాదు.

"ఏమండీ," అని లేపింది.

"రాస్తున్నా, రాస్తున్నా," అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండా.

మేడ మీది వదిన సరిగ్గా పన్నెండింటికి వచ్చేది. గుమ్మంలోంచి తెర కాస్త తొలగించి, గొంతు తగ్గించి, "పడుకున్నావా వదినా? పడుకో పడుకో, లేపనులే. లేచాక ఈ కాగితం కాస్త సంచిలో వేసుకో. నీ పక్కనే పెడుతున్నా. ఇదిగో, చూశావా, ఇక్కడ," అనేది. రెండు రోజులయ్యాక కాగితాలు దిండు ఎత్తుకు చేరాయి.

పదో రోజుకు ఫారం నిండింది. నింపింది టోకెనక్కే. ఖాళీ గడి ఉంటే ఏ ఆఫీసూ ఒప్పుకోదని ఆమెకు తెలుసు. అబద్ధం రాయడం ఆమెకు రాదు కాబట్టి, అరగంటకొకసారి తాను చూసింది చూసినట్టు రాసింది.

విభాగం ఆఫీసులో ఉపనిద్రాధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. "అమ్మా, ఇందులో ప్రయాణికురాలి కంటే సాక్షి ఎక్కువ పడుకున్నాడు," అన్నాడు.

"ఆయన తీరే అంతండీ."

"ఆయన ప్రయాణం చేస్తున్నారా?"

"లేదండీ. తెరలు కుడుతున్నారు."

ఉపనిద్రాధికారి పెద్దవాళ్ళను అడగాలన్నాడు. ఆమెకు ఎనభై ఎనిమిదో నంబరు టోకెన్ ఇచ్చి హాల్లో కూర్చోమన్నాడు. అప్పుడు నడుస్తున్నది నలభై ఒకటి. టోకెనక్క బల్ల మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. పది రోజులుగా మూడు పొరల తెరల వెనక దొరకని నిద్ర, ట్యూబులైటు కింద, ఫ్యాను కిరకిరల మధ్య, ఎవరిదో పసిబిడ్డ ఆమె కొంగు నములుతుండగా, నిమిషంలో వచ్చి పడింది. రెండు గంటల నలభై నిమిషాలు. విభాగం సిబ్బంది ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్ళారు. నిద్రను గురించి అన్ని సర్క్యులర్లు రాసినవాళ్ళలో చాలామంది దాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఎనభై ఆరు అనగానే ఆమె కళ్ళు తెరిచి, కొంగు విడిపించుకుని, జడ సర్దుకుంది.

ఆ నిద్రను లెక్కలో వేసుకోలేమని ఉపనిద్రాధికారి ఎంతో బాధగా చెప్పాడు. దరఖాస్తు స్వీకరించకముందు పోయిన నిద్ర చెల్లదు. అయినా మనిషిలో విషయముందని గ్రహించి, 'షరతులతో' అని ముద్ర వేసి పంపాడు. ఆ షరతులేమిటో ఫారంలో రాయలేదు.

విమానంలో ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. దీపాలు తగ్గించారు. కళ్ళకు గంతలు, మెడకు దిండు, చెవులకు దూది ఇచ్చారు. నేపథ్యంలో వాగు పారుతున్న చప్పుడు పెట్టారు. (దానివల్ల మరుగుదొడ్డి దగ్గర రద్దీ పెరిగినట్టు విభాగం తరువాత గుర్తించింది.) అరగంటకొకసారి నిద్రా సహాయకురాలు వచ్చి, కునుకు తీస్తున్నవాళ్ళను భుజం తట్టి లేపి, నిద్ర ఎలా ఉందో అడిగి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయించుకుంది.

టోకెనక్కది మధ్య సీటు. కిటికీ వైపు ఒక పళ్ళ డాక్టరు, నిద్రలో పళ్ళు కొరకడం గురించి మర్నాడు ఒక పెద్ద సభలో ప్రసంగించడానికి వెళుతున్నాడు. నడవా వైపు గోడల రంగులు అమ్మే వ్యాపారి, సిమెంటు గోడలా కదలకుండా కూర్చుని భయపడుతున్నాడు. రెండు గంటలు గడిచాయి. ముగ్గురికీ రెప్ప పడలేదు. టోకెనక్క వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. వంతెన కళ్ళముందు లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. చివరికి బెల్లు నొక్కింది.

"దిండు మార్చమంటారా?" అని అడిగింది సహాయకురాలు.

"దిండు బాగానే ఉందమ్మా. నాకొక టోకెన్ ఇస్తావా?"

"దేనికండీ?"

"దేనికైనా పర్లేదు. నంబరు మాత్రం కాస్త పెద్దదై ఉండాలి. మధ్యమధ్యలో ఎవరో ఒకరు పిలుస్తుండాలి."

సహాయకురాలికి అర్థం కాక గగనతల నిద్రాధికారిని పిలుచుకొచ్చింది. ఆయన భారీ మనిషి. జేబు మీద అర్ధచంద్రుడి బిళ్ళ ఉంది. టోకెనక్క తన నిద్ర వైనం చెప్పుకుంది. ఆయన విన్నకొద్దీ కరిగిపోయాడు. వాగులకూ దిండ్లకూ లొంగని నిద్ర ఒక క్రమపద్ధతికి లొంగుతుందని ఆయన ఎన్నాళ్ళనుంచో పైవాళ్ళకు రాస్తున్నాడట. అక్కడికక్కడే భోజనం చీటీ వెనక 214 అని రాసి, సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాడు. ముప్పై ఒకటి నుంచి మొదలుపెట్టి నాలుగు నిమిషాలకొక నంబరు పిలవమని సహాయకురాలికి చెప్పాడు.

చీటీ చేతిలో పడగానే టోకెనక్క భుజాలు దిగాయి. మొహం తేటపడింది. సంచి ఒళ్ళోకి తీసుకుంది. "ఇక చూడండి, ఐదు నిమిషాలు," అంది ఎవరినీ ఉద్దేశించకుండా.

పళ్ళ డాక్టరు ఇటు తిరిగాడు. "మీకు అంత ఖాయంగా పడుతుందా?"

"టోకెన్ ఉంటే పడుతుందండీ."

"నాకు పట్టదమ్మా. పట్టకపోతే దిగాక ఆపేస్తారట." ఆమె చేతిలోని చీటీ వైపు చూశాడు. "నా తరఫున కూడా మీరే పడుకుంటారా?"

ఇందులో వింతేమీ లేదు. పథకంలో అందుకు వీలుంది. తొమ్మిదో ఫారం: ప్రతినిధి ద్వారా నిద్ర. ముసలివాళ్ళకు, పసివాళ్ళ తల్లులకు, పెద్ద పదవుల్లో ఉండి తీరిక లేనివాళ్ళకు ఉద్దేశించినది. (మొదటి రెండు రకాలవాళ్ళు ఇంతవరకు వాడుకోలేదు.) టోకెనక్క ఇరవై రెండేళ్ళలో ఎవరికీ లేదని చెప్పి ఎరగదు. "ఇవ్వండి, సంచిలో వేసుకుంటా," అంది. అది విని రంగుల వ్యాపారి కూడా, గోడ కదలకుండానే, చెయ్యి మాత్రం చాచి తన ఫారం ఇచ్చాడు.

ఫారంలో ఆఖరి గడి ఒకటి మిగిలింది: నిద్ర ఎవరెవరి ఖాతాలో ఏ వరుసలో వేయాలి? టోకెనక్క చెయ్యి దానంతటదే రాసింది. ఒకటి, పళ్ళ డాక్టరు గారు. రెండు, రంగుల వ్యాపారి గారు. మూడు, నేను. మూడార్లు పద్దెనిమిదని, విమానం నడిచేది పదిహేడు గంటలేనని, అందులో రెండు అప్పుడే అయిపోయాయని ఆమెకు తట్టలేదు. వరుసలో నిలబడేవాళ్ళు గంటలు లెక్కపెట్టరు, తలలు లెక్కపెడతారు. నిద్రాధికారి ఫారం చూసి తల ఊపాడు. గళ్ళన్నీ నిండి ఉన్నాయి.

"నంబరు ముప్పై ఒకటి," అంది సహాయకురాలు. టోకెనక్క నిద్రపోయింది.

ఆ తర్వాత జరిగింది ఆమెకు తెలియదు. ముప్పై ఐదు పిలిచేసరికి వెనక వరుసలో ఒకాయన లేచి, దేనికి పిలుస్తున్నారని అడిగాడు. తెలియదన్నారు. అయితే తనకూ ఒకటి కావాలన్నాడు. నలభైకి పదిమంది లేచారు. అరవైకి నడవా పొడవునా, ముందు తలుపు నుంచి తోకదాకా వరుస కట్టారు. దేనికోసమో ఎవరికీ తెలియదు. వెనకవాళ్ళు ముందువాళ్ళను నమ్మారు, ముందువాళ్ళు వెనక ఇంతమంది ఉన్నారు కదా అని ధైర్యంగా ఉన్నారు. మధ్యలో ఒకావిడ దూరిందని గొడవైంది. తన మనిషి ముందే నిలబడి చోటు ఉంచాడని ఆవిడ ప్రమాణం చేసింది. పైలట్లలో ఒకరు కూడా తలుపు తీసి చూసి ఒక టోకెన్ పుచ్చుకున్నట్టు చెప్పుకున్నారు గానీ సంస్థ దాన్ని ఖండించింది. ఆ విమానంలో పన్నెండు గంటలపాటు టోకెనక్క తప్ప ఒక్క ప్రాణి కన్ను మూయలేదు.

"రెండు వందల పన్నెండు," అనగానే ఆమె కళ్ళు తెరిచింది. ఒళ్ళు దూదిలా ఉంది. కిటికీలో ఎండ వచ్చింది. పళ్ళ డాక్టరు ఎర్రటి కళ్ళతో ఆమెకు నమస్కారం పెట్టాడు.

విమానాశ్రయంలో సర్దుబాటు అధికారిణి ఒకావిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. మెత్తటి గొంతు. ఎవరినైనా అదే గొంతుతో ఆపగలదు. వరుసలో నిలబడిన ప్రయాణికులంతా నిద్ర ప్రక్రియలో ఉన్నవారని రాసుకుని, ప్రక్రియలో ఉన్నవారిని ఆపే అధికారం లేదు గనుక వదిలేసింది. వాళ్ళు తూలుతూ, ఒకరినొకరు పట్టుకుని, టోకెన్లు భద్రంగా జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. తరువాత టోకెనక్క వంతు వచ్చింది.

"మొత్తం నిద్ర పన్నెండు గంటల నాలుగు నిమిషాలు," అని చదివింది అధికారిణి. "చాలా బాగుందండీ. ఇందులో డాక్టరు గారికి ఆరు గంటలు, వ్యాపారి గారికి ఆరు గంటలు. మీకు నాలుగు నిమిషాలు."

"అదేంటమ్మా, పడుకున్నది నేనేగా?"

"పడుకున్నది మీరేనండీ. నిద్ర వాళ్ళది."

టోకెనక్కకు ఎదురు చెప్పాలని తోచలేదు. అదే బాధ. ఎవరి పని ఎవరి ఖాతాలో పడుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ విమానాశ్రయంలో లేరు.

సర్దుబాటు గదిలో తెల్లటి మంచాలు ఎనిమిది ఉన్నాయి. ఒక పక్క గోడంతా అద్దం. ఎదుట గడియారం. పడుకోమన్నారు. పన్నెండు గంటలు పడుకుని లేచిన మనిషి ఇంకేం పడుకుంటుంది? మంచం మీద నిటారుగా కూర్చుంది. తన జన్మలో అంత మెలకువగా ఎప్పుడూ లేదు. గడియారంలో సెకన్ల ముల్లు కదిలే చప్పుడు కూడా వినపడుతోంది. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది. తమ్ముడు పంపిన ముక్క ఫోన్లో కనపడింది: 'అక్కా, గాజు గదిలోకి వెళ్తున్నా. ఇక ఫోన్ చూడకూడదు. కుడివైపు రెయిలింగు దగ్గర నిలబడు, అక్కడైతే నాకు కనపడతావు.'

వాడు తలుపు వేషం వేసిన రోజు సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. ఎలా తెరుచుకున్నాడో చూపిస్తానని వాడు వంటింట్లో రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆమె మర్నాటి కాగితాలు సర్దుకుంటూ, చూస్తున్నాలేరా అంది. చూడలేదు.

తొమ్మిదింటికి అద్దం అవతల పళ్ళ డాక్టరు కనపడ్డాడు. సామాను తిరిగే బెల్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన పెట్టె ఆయన ముందు నుంచే నాలుగోసారి వెళ్ళిపోయింది. ఆయన నిలబడే నిద్రపోతున్నాడు.

టోకెనక్క లేచి అద్దం మీద దబదబా కొట్టింది. తన కోసం ఎవరినైనా లేపడం ఆమెకు అదే మొదలు.

డాక్టరు గది గుమ్మం దాకా వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఆమె సంగతంతా చెప్పింది. సంచిలోంచి తొమ్మిదో ఫారం తీసింది. (ఏ ఫారమైనా ఆమె రెండు తీసుకుంటుంది.) "మీ తరఫున నేను పడుకున్నాను. ఇప్పుడు నా తరఫున మీరు పడుకోవాలండీ," అంది.

"దానికేం భాగ్యమమ్మా," అన్నాడు ఆయన. "ఎటువైపు మంచం?"

అధికారిణి మెత్తగా అడ్డం వచ్చింది. రికార్డు ప్రకారం డాక్టరు గారు ఆరు గంటలు గాఢంగా నిద్రపోయి తాజాగా ఉన్నారు. ఆయనకు నిద్ర రాకూడదు. రానివాళ్ళను ప్రతినిధిగా అంగీకరించలేరు. ఆమె ఈ నిబంధన చదువుతున్నంత సేపూ డాక్టరు ఆమె బల్ల మీద తల పెట్టుకుని గురక పెడుతూనే ఉన్నాడు. పళ్ళు కొరకడం కూడా మొదలుపెట్టాడు. అధికారిణి రికార్డును చూసింది, డాక్టరును చూసింది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి పైకి ఫోన్ చేసింది. ఇలాంటి కేసు ఇదివరకు రాలేదని, రానిదాన్ని ఆపడానికి నిబంధన లేదని అవతల నుంచి చెప్పారు. డాక్టరును ఇద్దరు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తొమ్మిదీ ఇరవైకి టోకెనక్క ఖాతాలో నిద్ర మొదలైంది. టోకెనక్క పరుగు మొదలైంది.

వంతెన దగ్గరికి చేరేసరికి పది కావడానికి ఎనిమిది నిమిషాలుంది. కుడివైపు రెయిలింగు వెంబడి జనం. ఆమె సందు చూసుకుని ముందుకు చేరింది. ఊపిరి తీసుకుంటుండగా పక్కనున్న ఆడమనిషి, పిల్లవాణ్ణి చంకనెత్తుకుని, ఎలా కనిపెట్టిందో గాని సరిగ్గా ఆమె వైపే తిరిగింది. "అక్కా, వీడికి మంచినీళ్ళు తాగించుకొస్తా, మా చోటు కాస్త చూస్తుంటారా?"

టోకెనక్క నోరు తెరిచింది. అలవాటు మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చూడలేనమ్మా. నేను ఇవాళ వంతెన చూడాలి," అంది.

ఆవిడ ఏమీ అనుకోలేదు. పక్కవాళ్ళను అడిగి వెళ్ళింది. అంత తేలికని ఇరవై రెండేళ్ళుగా ఎవరూ టోకెనక్కకు చెప్పలేదు.

హారన్ మోగింది. రోడ్డు నడుమన చీలింది. రెండు ముక్కలూ నెమ్మదిగా, ఎవరో రెండు చేతులూ పైకెత్తినట్టు, ఆకాశంలోకి లేచాయి. తారు రోడ్డు మీది తెల్ల గీత నిలువుగా నిలబడింది. కింద నుంచి ఎర్ర ఓడ ఒకటి తొందర లేకుండా పోయింది. గాజు గదిలో తమ్ముడు రెండు చేతులతో పిడిని పట్టుకుని నిటారుగా ఉన్నాడు, ఆరో తరగతిలో వంటింట్లో నిలబడ్డట్టే. పదకొండు నిమిషాలు ఆమె రెప్ప వేయలేదు. వంతెన కూడుకున్నాక, నిబంధనల ప్రకారం రెండుసార్లు మోగాల్సిన హారన్ మూడోసారి కూడా మోగింది.

వంతెన లేచి ఉన్నప్పుడే వంతెనల శాఖ ఫోటోగ్రాఫరు పక్క నుంచి జనాన్ని ఫోటో తీశాడు. అందులో మొదటి వరుసలో టోకెనక్క ఉంది. కళ్ళు పెద్దవి చేసుకుని.

తిరుగు ప్రయాణానికి ముందు విభాగం ఒక అభిప్రాయ పత్రం ఇచ్చింది. సర్దుబాటు కాలంలో మీ అనుభవం రాయండి అని ఉంది. టోకెనక్కకు అబద్ధం రాయడం రాదు. పది గంటలకు తమ్ముడి వంతెన చూశాను, చాలా బాగుంది, అని రాసింది.

ఇంటికి చేరిన రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. విషయం: మంగళవారం నాటి అనుభవం. రికార్డు ప్రకారం తాము ఆ రోజు ఉదయం తొమ్మిదీ ఇరవై నుంచి సాయంత్రం ఐదూ ఇరవై వరకు సర్దుబాటు గదిలో నిరాటంకంగా నిద్రించి ఉన్నారు. కావున పది గంటలకు తాము చూసిన వంతెనను కలగా నమోదు చేయడమైనది. కల నిడివి: పదకొండు నిమిషాలు. నాణ్యత: ఐదుకు ఐదు.

భర్త ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, "పోనీలే, ఐదుకు ఐదు ఇచ్చారు," అన్నాడు.

తమ్ముడు ఊరుకోలేదు. వంతెనల శాఖ ఫోటో సంపాదించి, మా అక్క మెలకువగానే ఉంది, కళ్ళు చూడండి, అని విభాగానికి పంపాడు. ఫోటో అందిందని, పరిశీలనలో ఉందని, ఓర్పు వహించినందుకు ధన్యవాదాలని జవాబు వచ్చింది. టోకెనక్క మళ్ళీ ఏమీ అడగలేదు. ఆ వారం ఆకుపచ్చ సంచి తీసుకుని వెళ్ళి, మొట్టమొదట తన కుళాయి కాగితం కిటికీలో పెట్టింది. మేడ మీది వదిన కాగితాలు ఆఖరున పెట్టింది.

నిన్న విభాగం వాళ్ళ కొత్త కరపత్రం ఇంటికి వచ్చింది. అట్ట మీద రంగుల్లో టోకెనక్క ఫోటో ఉంది. రెయిలింగు పట్టుకుని నిలబడి, రెండు కళ్ళూ విచ్చుకుని, పక్కన ఆకాశంలోకి లేచిన వంతెనతో. కింద పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు: గాఢనిద్రలో మా ప్రయాణికురాలు.